కంప్యూటర్ లేని స్టూడియో: ఎంపీసీ వన్ చుట్టూ డప్పు, తంబూరా, మినీలాగ్ (ప్రాజెక్టు డైరీ)

ఈ ప్రాజెక్టు లక్ష్యం ఒక్కటే. డప్పు, తంబూరా శృతి, ఒక అనలాగ్ సింథ్ (కోర్గ్ మినీలాగ్) కలిపి అరగంట సంగీతం కట్టాలి. కట్టడం, రికార్డు చేయడం, వేదిక మీద వాయించడం, మూడూ కంప్యూటర్ ఆన్ చేయకుండానే జరగాలి. సెటప్ మధ్యలో అకాయి ఎంపీసీ వన్ ఉంటుంది: శబ్దాలను రికార్డు చేసి ప్యాడ్‌ల మీద మోగించే శాంప్లర్, నోట్ల వరసను (సీక్వెన్సును) నడిపే సీక్వెన్సరు రెండూ అదే. మిగతా పెట్టెలన్నీ దాని తాళానికి నడుస్తాయి.

మొదట తేల్చుకోవాల్సింది ఏ శబ్దం శాంప్లర్‌లోకి వెళ్ళాలి, ఏది బయటే ఉండాలి అన్నది. దొరికిన ప్రతిదాన్నీ శాంపుల్ చేస్తే చివరికి మిగిలేది గదినిండా వాడని పెట్టెలు, ఒక చిన్న తెర. ఇక్కడ డప్పు లోపలికి వెళ్తుంది, ఎందుకంటే వేదిక మీద ప్రతిసారీ మంట పెట్టి కాచే వీలుండదు. తంబూరా కూడా లోపలికే, అది మారకుండా మోగాల్సిన ధ్వని కాబట్టి. మినీలాగ్ మాత్రం బయట ఉంటుంది. దాని ఫిల్టర్ నాబ్ తిప్పుతున్నప్పుడు వచ్చే కదలికను శాంపుల్‌గా గడ్డకట్టిస్తే ఆ సింథ్ కొన్న ప్రయోజనమే పోతుంది.

సామాన్లు

ఎంపీసీ వన్ (2 జీబీ ర్యామ్, ఓఎస్ 2), కోర్గ్ మినీలాగ్, మాకీ 1202 వీఎల్‌జెడ్4 మిక్సర్, ష్యూర్ ఎస్ఎం57 మైకు, లైన్ అవుట్ ఉన్న ఎలక్ట్రానిక్ తంబూరా, మిడి క్లాక్ (పరికరాల మధ్య నోట్లు, సందేశాలు మోసే మిడి కేబుల్ మీద వచ్చే టెంపో సంకేతం) అందుకునే డిలే (ప్రతిధ్వని) పెడల్, ఒక ఇన్‌పుట్‌ను నాలుగుగా పంచే మిడి త్రూ బాక్సు, 64 జీబీ ఎస్‌డీ కార్డు, చేతిలో పట్టే స్టీరియో రికార్డరు.

కేబుళ్ళు: టీఆర్‌ఎస్ 6.35 ఎంఎం నాలుగు, టీఎస్ ఐదు, ఐదు పిన్నుల మిడి నాలుగు, మైకుకి ఎక్స్ఎల్ఆర్ ఒకటి. మిడి కేబుల్ పొడవు 15 మీటర్లు దాటకూడదు. బల్ల మీద సెటప్‌కి మీటరున్నర చాలు.

త్రూ బాక్సు ఎందుకంటే, ఎంపీసీ వన్‌కి ఐదు పిన్నుల మిడి అవుట్ ఒక్కటే ఉంది. మినీలాగ్‌కి మిడి ఇన్, అవుట్ ఉన్నాయి కానీ త్రూ (ఇన్‌లోకి వచ్చినదాన్ని అలాగే ముందుకి పంపే జాక్) లేదు. అంటే ఎంపీసీ నుంచి మినీలాగ్‌కి, దాని నుంచి పెడల్‌కి గొలుసుగా కలపడం కుదరదు. ఎంపీసీ అవుట్ నేరుగా త్రూ బాక్సుకి వెళ్ళి, అక్కడి నుంచి రెండింటికీ చీలుతుంది. నాలుగో మిడి కేబుల్ మినీలాగ్ అవుట్ నుంచి ఎంపీసీ ఇన్‌కి. మినీలాగ్ మీటలతో వాయించింది సీక్వెన్సులోకి రికార్డు కావడానికి అది కావాలి.

కరెంటు, ఎర్తు

స్థితి: పూర్తి.

అన్ని అడాప్టర్లూ ఒకే పవర్ స్ట్రిప్‌కి, ఆ స్ట్రిప్ ఒకే మూడు పిన్నుల సాకెట్‌కి. మిక్సర్ ఒక గోడ సాకెట్‌లో, ఎంపీసీ ఇంకో గోడ సాకెట్‌లో ఉంటే రెండు ఎర్తుల మధ్య చిన్న తేడా ఆడియో కేబుల్ షీల్డు గుండా ప్రవహించి 50 హెర్ట్జ్ హమ్ అవుతుంది.

మన ఇళ్ళలో ఇంకో రెండు శత్రువులున్నాయి. మొదటిది ఇన్వర్టర్. ప్యూర్ సైన్ వేవ్ కాని ఇన్వర్టర్ మీద నడిస్తే 50 హెర్ట్జ్ తోపాటు దాని గుణిజాలన్నీ గరగరలాడుతూ వస్తాయి, ఏ ఈక్యూ అయినా వాటిని తీయలేదు. కరెంటు పోతే డప్పు రికార్డింగ్ ఆపేయడమే మేలు. రెండోది సీలింగ్ ఫ్యాన్‌కి ఉండే గుండ్రటి స్టెప్‌లెస్ రెగ్యులేటరు. అందులోని ట్రయాక్ ప్రతి సైకిల్‌నీ మధ్యలో కోస్తుంది, ఆ కోత శబ్దం మైకు కేబుల్లోకి దూకుతుంది. ఫ్యాన్ ఫుల్ మీద పెడితే తగ్గుతుంది, ఆపేస్తే పోతుంది. మైకు తెరిచి ఉన్నంతసేపూ ఫ్యాన్ ఎటూ ఆపాల్సిందే కాబట్టి ఇది మినీలాగ్ రికార్డు చేసేటప్పుడే గుర్తుపెట్టుకోవాలి.

ఎంపీసీని యూఎస్‌బీతో ల్యాప్‌టాప్‌కి కలిపి ఉంచకూడదు. ఛార్జరు ఎర్తు, మిక్సర్ ఎర్తు కలిసి లూపు అవుతాయి. ఫైళ్ళు కాపీ చేసుకునేంతవరకు కలిపి, వెంటనే తీసేయాలి.

మిక్సర్ వైరింగ్: ఆల్ట్ 3-4 మీదే అంతా ఆధారం

స్థితి: పూర్తి. ఈ సెటప్‌లో అన్నిటికంటే ఎక్కువ ఆలోచించిన భాగం ఇది.

ఎంపీసీ వన్‌కి ఉన్నది ఒకే స్టీరియో జత లైన్ ఇన్‌పుట్. మైకు ప్రీయాంప్ లేదు, కండెన్సర్ మైకులకి కావాల్సిన 48 వోల్టుల ఫాంటమ్ కరెంటు లేదు. నాలుగు శబ్ద మూలాలుంటే ప్రతిసారీ జాకులు పీకి మార్చుకోవాలి. ఆ అవసరం లేకుండా చేసేది 1202లోని ఆల్ట్ 3-4 బస్. ఛానల్ మీద మ్యూట్ బటన్ నొక్కితే ఆ ధ్వని మెయిన్ మిక్స్ నుంచి తప్పుకుని ఆల్ట్ 3-4 అవుట్‌పుట్‌కి పోతుంది. ఆ అవుట్‌పుట్లు రెండూ ఎంపీసీ ఇన్‌పుట్లకి కలిపాం. ఇక శాంపుల్ చేయాలంటే ఒక్క బటన్ నొక్కడమే.

ఛానళ్ళు ఇలా పంచాం: 1లో మైకు, 2లో మినీలాగ్, 5-6లో తంబూరా, 7-8లో డిలే పెడల్ నుంచి తిరిగొచ్చే స్టీరియో, 11-12లో ఎంపీసీ మెయిన్ అవుట్. ఆక్స్ 1 సెండ్ (ప్రతి ఛానల్ నుంచి కొంత ధ్వనిని విడిగా బయటికి పంపే దారి) పెడల్‌కి వెళ్తుంది.

ఇక్కడ జరిగే ప్రమాదాలు మూడు.

ఎంపీసీ ఇన్‌పుట్ మానిటర్ ఆన్‌లో ఉండగా 11-12 మ్యూట్ బటన్ నొక్కితే ఎంపీసీ అవుట్ తన ఇన్‌పుట్‌లోకే వెళ్ళి ఒక్క క్షణంలో కీచుమని అరుస్తుంది. స్పీకర్ ట్వీటర్లకి, చెవులకి రెండింటికీ హాని. ఆ బటన్ మీద గట్టి టేపు అంటించాం. ఎంపీసీ లోపలి ధ్వనినే మళ్ళీ శాంపుల్ చేయాలంటే దానికి శాంప్లర్ పేజీలో ఇన్‌పుట్ సోర్సుగా రీశాంపుల్ ఉంది, బయటి దారి అక్కర్లేదు.

7-8 ఛానల్ మీది ఆక్స్ 1 నాబ్ ఎప్పుడూ సున్నా దగ్గరే ఉండాలి. కాస్త తెరిచినా డిలే తనను తానే తినిపించుకుంటుంది.

పెడల్‌ని నూరు శాతం వెట్ (డిలే అయిన ధ్వని మాత్రమే) మీద పెట్టాలి. డ్రై (మారని ధ్వని) కొంచెం వదిలినా అది అసలు ధ్వనితో కలిసి, స్వల్ప ఆలస్యం వల్ల కొన్ని ఫ్రీక్వెన్సీలు రద్దయి, డప్పు బోలుగా వినిపిస్తుంది.

మినీలాగ్ అవుట్‌పుట్ మోనో. మైకు కూడా మోనోయే. వీటిని శాంపుల్ చేసేటప్పుడు పాన్ పూర్తిగా ఎడమకి తిప్పి, ఎంపీసీలో ఎడమ ఇన్‌పుట్ మాత్రమే మోనోగా తీసుకోవాలి. మధ్యలో ఉంచి స్టీరియోగా తీసుకుంటే ఒకే ధ్వని రెండుసార్లు ర్యామ్‌లో కూర్చుంటుంది. లెక్క ఇది: 44.1 కిలోహెర్ట్జ్, 24 బిట్ మోనో సెకనుకి 1,32,300 బైట్లు. స్టీరియో దానికి రెట్టింపు, నిమిషానికి సుమారు 15.9 ఎంబీ. 2 జీబీ ర్యామ్‌లో ఓఎస్, ప్లగిన్లు వాటి వాటా తీసుకోగా మిగిలేది మాత్రమే శాంపుళ్ళది.

డప్పు శాంపుళ్ళు

స్థితి: కిట్ పూర్తి, మోత వరసలు సగం.

చెక్క చట్రానికి మేకతోలు బిగించిన డప్పు ఇది. కుడిచేతి సిర్ర, ఎడమచేతి సిటికెన పుల్ల, రెండూ వేర్వేరు శబ్దాలిస్తాయి. వాటిని వేర్వేరు ప్యాడ్‌లుగానే చూడాలి. ఐదు దెబ్బలు ఎంచుకున్నాం: సిర్రతో మధ్యలో తెరిచిన దెబ్బ, సిర్రతో అంచు దెబ్బ, సిటికెన పుల్ల ఒక్కటే, రెండూ కలిపి, చేత్తో తోలు నొక్కిపట్టి కొట్టిన మూగదెబ్బ. ఒక్కోటి నాలుగు బలాల్లో.

తోలు డప్పుతో అసలు సమస్య శృతి జారడం. మంట దగ్గర కాచి తోలు బిగిస్తారు. చల్లారేకొద్దీ సడలి శబ్దం కిందికి దిగుతుంది, వానాకాలంలో గాలి తేమకి ఇంకా త్వరగా. మెల్లగా, ఒక్కో దెబ్బనీ సరిచూసుకుంటూ రికార్డు చేస్తే మొదటి శాంపుల్‌కీ చివరి శాంపుల్‌కీ పొంతన ఉండదు. ఆ కిట్ వాయిస్తుంటే రెండు వేర్వేరు డప్పులు మోగుతున్నట్టుంటుంది. అందుకని అన్ని దెబ్బలనూ ఒకే పొడవాటి రికార్డింగ్‌గా తీసుకుని తర్వాత ముక్కలు చేయడం సరైన పద్ధతి. రికార్డింగ్ మొదట్లో ఒక తెరిచిన దెబ్బ, చివర్లో మళ్ళీ అదే దెబ్బ కొట్టాలి. రెండూ పక్కపక్కన విని తేడా వినిపిస్తే మళ్ళీ కాచి మొదటి నుంచి తీసుకోవాలి. ఫైబరు తోలు డప్పుకి ఈ బాధ ఉండదు, కాచనక్కర్లేదు. కానీ మేకతోలు తెరిచిన దెబ్బలో కింద వినిపించే బరువు దానిలో రాదు. ఈ పనికి తోలుదే కావాలి.

మైకు తోలుకి 30 సెంటీమీటర్ల దూరంలో, మధ్యకి కాకుండా కొంచెం అంచు వైపు చూస్తూ. మరీ దగ్గరికి తెస్తే ఎస్ఎం57 సహజంగానే కింది ఫ్రీక్వెన్సీలను ఉబ్బిస్తుంది. దూరం జరిపితే గది గోడలు వినిపిస్తాయి. మిక్సర్ లో-కట్ 100 హెర్ట్జ్ దగ్గర గట్టిగా కోస్తుంది, డప్పుకి దాన్ని ఆఫ్‌లో ఉంచాం. గెయిన్‌ను అన్నిటికంటే బలమైన దెబ్బకి ఎంపీసీ మీటరులో పీక్ −12 డీబీ దాటకుండా పెట్టాం. డప్పు దెబ్బ మొదటి మిల్లీసెకన్లలోనే పీక్ వస్తుంది, కళ్ళకి మీటరు నెమ్మదిగా కనిపిస్తుంది. 24 బిట్‌లో 12 డీబీ ఖాళీ వదలడం వల్ల పోయేదేమీ లేదు. క్లిప్ అయిన దెబ్బను మాత్రం తిరిగి బాగుచేయలేం.

శాంప్లర్ పేజీలో థ్రెషోల్డ్ పెట్టి ఆర్మ్ చేస్తే మొదటి దెబ్బకే రికార్డింగ్ మొదలవుతుంది. థ్రెషోల్డ్ ఎక్కువైతే దెబ్బ మొదలు కోసుకుపోతుంది. మ్యాక్స్ లెంగ్త్ ముందే పెంచుకోవాలి, లేకపోతే మధ్యలో ఆగిపోతుంది.

ముక్కలు చేయడానికి శాంపుల్ ఎడిట్‌లో చాప్ మోడ్, థ్రెషోల్డ్ పద్ధతి. సిర్ర, సిటికెన కలిపి కొట్టిన దెబ్బల్లో రెండు పుల్లల మధ్య కొద్ది మిల్లీసెకన్ల తేడాని అది రెండు ముక్కలుగా చూస్తుంది. అక్కడ చేత్తో కలపాలి. ప్రతి ముక్క మొదలునీ పెద్దది చేసి చూడాలి. 44 శాంపుళ్ళు అంటే 1 మిల్లీసెకను. మొదట్లో 441 శాంపుళ్ళ నిశ్శబ్దం మిగిలితే ఆ ప్యాడ్ ఎప్పుడూ 10 మిల్లీసెకన్లు ఆలస్యంగా మోగుతుంది. వాయించేవాడికి అది లయ తప్పుగా తోస్తుంది, కారణం మాత్రం అంతుచిక్కదు.

డ్రమ్ ప్రోగ్రాములో ఒక్కో ప్యాడ్‌కి నాలుగు లేయర్లు. నాలుగు బలాలకీ వెలాసిటీ (1 నుంచి 127 వరకు దెబ్బ బలం) హద్దులు ఇలా పెట్టాం: 1–40, 41–80, 81–110, 111–127. పై రెండూ ఇరుకుగా ఉండటం కావాలనే. డప్పులో గట్టి దెబ్బల మధ్య తేడాయే ఎక్కువ వినిపిస్తుంది. లేయర్లు మారడం లేదనిపిస్తే ముందు చూడాల్సింది ఫుల్ లెవెల్ బటన్. అది వెలుగుతుంటే ప్రతి దెబ్బా 127 గానే పోతుంది. మూగదెబ్బ, తెరిచిన దెబ్బ ఒకే మ్యూట్ గ్రూపులో. చెయ్యి పడగానే మోత ఆగాలి, లేకపోతే అది డప్పు కాదు.

మొత్తం 20 శాంపుళ్ళు, ఒక్కోటి సెకనున్నర, 24 బిట్ మోనో: 4 ఎంబీ లోపే.

క్వాంటైజ్ (నోట్లను తాళం గీతల మీదికి జరపడం) గురించి ఒక మాట. రికార్డు చేసేటప్పుడు టీసీ (టైమింగ్ కరెక్ట్, ఆ పని చేసే సెట్టింగు) ఆన్‌లో ఉంటే రెండు పుల్లల మధ్య సహజమైన ఎడం చెరిగిపోయి, దెబ్బ చదునవుతుంది. టీసీ ఆఫ్‌లో వాయించి, తర్వాత సిర్ర ప్యాడ్ నోట్లను మాత్రమే ఎంచుకుని సరిచేస్తున్నాం. సిటికెన నోట్లను ముట్టుకోవడం లేదు. దరువు నడక సిర్ర మీద నిలబడుతుంది, దాని ప్రాణం మాత్రం సిటికెనలో ఉంటుంది.

తంబూరా: వార్ప్ చేయొద్దు

స్థితి: పూర్తి.

శృతి రెండు, అంటే షడ్జమం డి. ఎలక్ట్రానిక్ తంబూరా శృతిని నాబ్‌తో సన్నగా సరిచేసుకునే వీలుంటుంది, అందుకే దాని షడ్జమం ఏ 440 లెక్కకి అటూ ఇటూ ఉండొచ్చు. రికార్డు చేసే ముందే ట్యూనరుతో సరిచూడాలి. ఇప్పటికే రికార్డైన దానికి తేడా ఉంటే లేయర్ ఫైన్ ట్యూన్‌తో సరిచేయొచ్చు, లేదా మినీలాగ్ మాస్టర్ ట్యూన్‌ని దాని దగ్గరికి తీసుకెళ్ళొచ్చు.

తంబూరా మీటుకి తాళంతో సంబంధం లేదు. దాన్ని టెంపోకి వార్ప్ చేస్తే (వేగానికి తగ్గట్టు సాగదీస్తే) మీటు మీటుకీ ఉండే జీరలో టైమ్‌స్ట్రెచ్ మచ్చలు పడతాయి, లాభమేమీ ఉండదు. దాన్ని పొడవుగా, స్వేచ్ఛగా వదిలేయాలి.

చేసింది ఇది. ఒక నిమిషం రికార్డు చేసి, అందులోంచి 34 సెకన్లు కత్తిరించాం. శాంపుల్ ఎడిట్‌లో మొదటి 2 సెకన్లకి ఫేడ్ ఇన్, చివరి 2 సెకన్లకి ఫేడ్ అవుట్ శాంపుల్‌లోనే పెట్టేశాం. ప్యాడ్ వన్-షాట్, పాలీఫనీ పాలీ. 60 టెంపోలో ఆది తాళం ఒక ఆవర్తం 8 సెకన్లు, నాలుగు ఆవర్తాలకి 32. సీక్వెన్సు పొడవు నాలుగు ఆవర్తాలు, మొదటి అక్షరం మీద తంబూరా ప్యాడ్ ఒక్కసారి మోగుతుంది. పాతది తగ్గుతున్న ఆ 2 సెకన్లలో కొత్తది లేస్తుంది. పాలీఫనీ మోనోలో ఉంటే కొత్తది పాతదాన్ని తెగ్గొట్టి అతుకు వినిపిస్తుంది. లీనియర్ ఫేడ్ రెండు కలిసేచోట ధ్వని సుమారు 3 డీబీ పల్చబడుతుంది. ఆ చోటు రెండు మీట్ల మధ్య పడేలా కత్తిరిస్తే తెలియదు.

వేదిక మీద సీక్వెన్సు మార్చేటప్పుడు నెక్స్ట్ సీక్వెన్స్ వరసలో వేసి, ఇప్పటిది పూర్తయ్యేదాకా ఆగాలి. సడన్ (వెంటనే మార్చే బటన్) నొక్కితే పాత తంబూరా మోగుతుండగానే కొత్తది మొదలై శృతి ఒక్కసారిగా బరువెక్కుతుంది.

మినీలాగ్, మిడి సమయం

స్థితి: నడుస్తోంది.

ఎంపీసీ సింక్ సెట్టింగుల్లో మిడి క్లాక్ పంపడం ఆన్, మిడి అవుట్ పోర్టుకి కూడా సింక్ ఆన్. రెండూ కావాలి, ఒకటి మరిస్తే పెడల్ తన సొంత టెంపోలో పోతుంది. మినీలాగ్ మిడి ఛానల్ 2. మినీలాగ్ గ్లోబల్‌లో లోకల్ స్విచ్ ఆఫ్. లేకపోతే మీట నొక్కగానే ఒకసారి, ఎంపీసీ నుంచి తిరిగొచ్చి ఇంకోసారి మోగి, నాలుగు వాయిస్‌ల సింథ్ రెండు వాయిస్‌లదైపోతుంది.

నోట్లన్నీ ఎంపీసీ సీక్వెన్సులోనే ఉంటాయి, మినీలాగ్ సొంత సీక్వెన్సరు వాడటం లేదు. వాడాలనుకునేవాళ్ళకి: 7/8 బారులో పదహారో వంతులు 14, కాబట్టి 16 మెట్లలో చివరి రెండింటినీ యాక్టివ్ స్టెప్‌లో ఆపేయాలి.

మిడి వేగం సెకనుకి 31,250 బిట్లు. ఒక నోట్ సందేశానికి మూడు బైట్లు, అంటే దాదాపు 1 మిల్లీసెకను. నాలుగు స్వరాల తీగలో (ఒకేసారి మోగే స్వరాల గుత్తిలో) చివరి స్వరం మొదటిదాని తర్వాత 3 మిల్లీసెకన్లకి చేరుతుంది. అది చెవికి ఆనదు. అదే సమయంలో ఎంపీసీ క్యూ-లింక్ నాబ్‌తో సీసీ (మిడి కంట్రోల్ సందేశం) 43 మీద ఫిల్టర్ కటాఫ్ తిప్పుతుంటే ఆ సందేశాలన్నీ అదే కేబుల్లో వరసకడతాయి. తీగ మోగే అక్షరం మీద నాబ్ కదలికను రికార్డు చేయకుండా, దాని తర్వాత మొదలుపెడితే ఇబ్బంది రాదు.

ఎంపీసీ ధ్వనికీ మినీలాగ్ ధ్వనికీ మధ్య అసలు తేడా ఎంతో కొలిచే పద్ధతి: ఎంపీసీలో ఒక క్లిక్, అదే అక్షరం మీద మినీలాగ్‌లో పొట్టి నోటు. క్లిక్ పాన్ ఎడమకి, మినీలాగ్ పాన్ కుడికి. మిక్సర్ టేప్ అవుట్ నుంచి చేతి రికార్డరులోకి 44.1 కిలోహెర్ట్జ్‌లో తీసుకుని, ఆ వేవ్ ఫైలును కార్డు ద్వారా ఎంపీసీలోనే తెరిచి, రెండు మొదళ్ళ మధ్య శాంపుళ్ళు లెక్కపెట్టాలి. 220 శాంపుళ్ళంటే 5 మిల్లీసెకన్లు. 60 టెంపోలో ఎంపీసీ ఒక టిక్కు (క్వార్టర్ నోటులో 960వ వంతు) 1.04 మిల్లీసెకను, కాబట్టి మినీలాగ్ ట్రాకు నోట్లను 5 టిక్కులు జరపాలి. 75 టెంపోలో టిక్కు 0.83, అప్పుడు 6 జరపాలి. నోట్లను ముందుకి లాగాల్సి వస్తే మొదటి అక్షరానికి ముందు చోటుండదు. అందుకని పాట మొదట్లో ఒక ఖాళీ బారు ఉంచాం. ఈ కొలత రికార్డరు 48లో ఉంటే తప్పుతుంది, అక్కడ మిల్లీసెకనుకి 48 శాంపుళ్ళు.

గాంధారం దగ్గర

ఇది ముందే తెలిసిన చిక్కు. తంబూరా పంచమం షడ్జమానికి 3:2 నిష్పత్తిలో, 702 సెంట్లు (సెమీటోనులో వందో వంతు ఒక సెంటు). మినీలాగ్‌లో 700. ఆ రెండు సెంట్లు ఎవరికీ పట్టవు. కానీ అంతర గాంధారం 5:4 నిష్పత్తిలో 386 సెంట్లు, కీబోర్డు మీద 400. తంబూరా షడ్జమం 146.8 హెర్ట్జ్ అయితే దాని ఐదో హార్మోనిక్ 734. మినీలాగ్ గాంధారం 185, దాని నాలుగోది 740. రెండూ నిలిచి మోగితే సెకనుకి ఆరుసార్లు కొట్టుకుంటాయి. పొట్టి స్వరంగా దాటిపోతే సరే, నిలిపితే శృతి చెడినట్టే ఉంటుంది.

మందు: మినీలాగ్ పిచ్ బెండ్ పరిధి 2 సెమీటోన్లు, వాయిస్ మోడ్ మోనో. లిస్ట్ ఎడిట్‌లో గాంధారానికి ముందు −560 దగ్గర పిచ్ బెండ్, తర్వాతి స్వరానికి ముందు 0. లెక్క: 200 సెంట్లకి 8192 మెట్లు, 13.7 సెంట్లకి 561. పిచ్ బెండ్ ఛానల్ మొత్తానికీ వర్తిస్తుంది కాబట్టి తీగలు వేసేచోట ఇది పనికిరాదు. అక్కడ గాంధారం వదిలేసి షడ్జమం, పంచమంతోనే ఉంటున్నాం, సింథ్ తక్కువ మాట్లాడితే డప్పు బాగా వినిపిస్తుంది కూడా.

తాళాలు, గతులు

స్థితి: ఆది, మిశ్ర చాపు పూర్తి. ఖండ గతి పరీక్షలో ఉంది.

మిశ్ర చాపుకి 7/8, ఖండ చాపుకి 5/8 అని సీక్వెన్సు టైమ్ సిగ్నేచర్ పెడితే సరిపోతుంది. మెట్రోనోమ్ ఎనిమిదో వంతుల మీద ఉంచాలి. మిశ్ర చాపు 3+4 విరుపు మెట్రోనోమ్‌కి తెలియదు, బారు మొదలుని మాత్రమే గట్టిగా కొడుతుంది. నాలుగో అక్షరం మీద ఒక రిమ్ శబ్దాన్ని గైడుగా వేరే ట్రాకులో పెట్టుకుంటే వాయించడం తేలిక.

అసలు పని ఆది తాళంలో ఖండ గతికి (అక్షరానికి ఐదు మాత్రలు) పడింది. ఎంపీసీ ఒక క్వార్టర్ నోటుని 960 టిక్కులుగా చేస్తుంది. తిశ్రానికి (మూడు మాత్రలు) 320, ఖండానికి 192, సరిగ్గా భాగిస్తాయి. మిశ్ర గతికి (ఏడు మాత్రలు) 137.14, భాగించదు, కానీ 120 టెంపోలో కూడా ఒక టిక్కు అర మిల్లీసెకనే కాబట్టి ఆ తప్పు వినిపించదు. రోజర్ లిన్ రూపొందించిన 1988 నాటి ఎంపీసీ60లో క్వార్టర్‌కి 96 టిక్కులే. అక్కడ ఖండానికి 19.2, అదే టెంపోలో టిక్కు 5.2 మిల్లీసెకన్లు. అప్పట్లో ఆ గతిని శుభ్రంగా రాయడం కష్టమే.

ఇప్పుడు టిక్కులు చాలినన్ని ఉన్నా ఈ ఓఎస్ 2 టీసీలో ఐదు భాగాల విలువ లేదు. నోట్ రిపీట్, క్వాంటైజ్ రెండూ రెండు, మూడు భాగాలతోనే పనిచేస్తాయి. దీనికి దారి టెంపోని మార్చడం. 60 టెంపోలో అక్షరానికి ఐదు అంటే నిమిషానికి 300 మాత్రలు. అవే మాత్రలు పదహారో వంతులు కావాలంటే టెంపో 75. ఆవర్తానికి 8 అక్షరాలు, 40 పదహారో వంతులు, అంటే 5/4 బారులు రెండు. ఈ సీక్వెన్సుని 75 టెంపోతో, 5/4లో రాసుకుంటే టీసీ మామూలుగా పనిచేస్తుంది. నాలుగు ఆవర్తాలకి 40 క్వార్టర్లు, 75 టెంపోలో సరిగ్గా 32 సెకన్లు, కాబట్టి తంబూరా శాంపుల్ ముట్టుకోనక్కర్లేదు.

టెంపోని మాస్టర్ నుంచి సీక్వెన్స్‌కి మార్చాలి, లేకపోతే రెండూ ఒకే టెంపోలో పోతాయి. ఇందులో మిగిలిన చిక్కు డిలే పెడల్. క్లాక్ 60 నుంచి 75కి దూకగానే దాని డిలే సమయం కూడా మారి, మోగుతున్న తోక ఒక్కసారి స్వరం వంగుతుంది. మారే ఆవర్తంలో చివరి రెండు అక్షరాలకి ఆక్స్ 1 సెండ్‌లు మూసేసి పరీక్షిస్తున్నాం. ఫీడ్‌బ్యాక్ తక్కువగా ఉన్నంతవరకు తోక అప్పటికే చచ్చిపోతుంది.

వేదికకి ప్రత్యామ్నాయం: ఆటో శాంప్లర్

మినీలాగ్ దారిలో దెబ్బతింటే ప్రోగ్రాము ఆగకూడదు. ఆటో శాంప్లర్‌తో (సింథ్‌ని తానే మోగించి శాంపుల్ చేసే ఎంపీసీ సదుపాయం) ఒక్క ముఖ్యమైన సింథ్ ధ్వనిని కీగ్రూప్‌గా, అంటే మీటల మీద పరిచిన శాంపుళ్ళ వరసగా, తీసుకున్నాం. మూడు ఆక్టేవులు, నాలుగు సెమీటోన్లకి ఒక శాంపుల్, రెండు చివర్లూ కలిపి 10. మూడు వెలాసిటీ లేయర్లు, నోటు 4 సెకన్లు, తోక 2 సెకన్లు. మొత్తం 180 సెకన్లు, మోనోలో 24 ఎంబీ లోపు. ఇది నడుస్తున్నంతసేపు సింథ్ మీద ఏ నాబూ తాకకూడదు, డిలే సున్నాలో ఉండాలి. వేడెక్కని అనలాగ్ సింథ్ స్వరం జారుతుంది, ఆన్ చేసి కొంతసేపయ్యాక ట్యూన్ సరిచూసి మొదలుపెట్టాలి.

కార్డు, సేవ్

ఎస్‌డీ కార్డు ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్. ప్రాజెక్టు సేవ్ చేస్తే ఎక్స్‌పీజే ఫైలు ఒకటి, దాని పేరుతోనే ప్రాజెక్ట్‌డేటా ఫోల్డరు ఒకటి వస్తాయి. శాంపుళ్ళు ఆ ఫోల్డరులో ఉంటాయి. బ్యాకప్‌కి ఫైలు మాత్రమే కాపీ చేస్తే తెరిచినప్పుడు ప్యాడ్‌లన్నీ మూగగా ఉంటాయి. రెండూ కలిపే కదపాలి. శాంపుళ్ళకి పేరు పెట్టడం కీప్ కిటికీ దగ్గరే అయిపోవాలి: "డప్పు సిర్ర తెరిచిన 3" అన్న పద్ధతిలో, చివరి అంకె బలం. ఎంపీసీ తెర మీద తెలుగు లిపి టైపు చేయలేం కాబట్టి ఇవే మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో.

మిగిలిన పనులు: మోత వరసల్లో పల్లె దరువులకి రెండో ప్యాడ్ బ్యాంకు, మిశ్ర గతి సీక్వెన్సుకి టెంపో లెక్క (60 మీద ఏడు మాత్రలంటే 105), 11-12 ఛానల్ టేపు ఊడకుండా ప్లాస్టిక్ మూత, రెండో ఎస్‌డీ కార్డు మీద పూర్తి కాపీ.